చేతులకు సాక్సులు

వాలీబాల్ ఫైనల్ మొదలైందో లేదో, మొదటి బంతికే అనుపమ “అమ్మా!” అంటూ కూలబడింది.

ముంజేతులు రెండూ ఎర్రగా వాచిపోయాయి.

“ఏందే ఇది?” కెప్టెన్ కల్పలత పరుగెత్తుకొచ్చింది.

“వారం సంది గోడకు కొట్టి కొట్టి ప్రాక్టీస్ చేసిన. బంతి తగిల్తే కరెంటు కొట్టినట్టైతుంది.”

“నువ్వు బయటికి పోతే ఐదుగురమే మిగుల్తం. ఆట బంద్! కప్పు మారేడ్‌పల్లోళ్లకే!”

సీతాఫల్‌మండి ఆడపిల్లలు ఫైనల్‌కి రావడం ఇదే మొదటిసారి. వాళ్లకు కోచూ, మేనేజరూ, మైకూ అన్నీ కిషనే.

“పరేషాన్ గాకుండ్రి. వాళ్ల రోసమ్మ ఇంకా రాలే, గదే మన అదృష్టం. రోసమ్మంటే ఎవరనుకున్నరు? తలుపుల దూరాల్నంటే నడుం వంచాలె! ఆమె కొడితే బంతి పోయి రైలు మీద పడ్తది. కాజీపేటల దించుకోవాలె!”

“నువ్వు చూసినవా అన్నా?”

“చూసుడెందుకు? జనం చెప్తలేరా?”

బెంచీ చివర నీడలో కూర్చున్న మనిషి కిసుక్కున నవ్వింది. పొట్టిగా, బక్కగా ఉంది. కాలికి కట్టు. కల్పలత ఆమెను కిషన్ చుట్టమనుకుంది. కిషనేమో కల్పలత చుట్టమనుకుని, “అక్కా, జెర నీళ్ల సీసాలు చూస్తుండు” అని పొద్దున్నే అప్పజెప్పాడు.

ఆమె సంచిలోంచి రెండు పచ్చటి తొడుగులు తీసింది. మణికట్టు నుంచి మోచేయి పైదాకా వచ్చేవి. లోపల మెత్తటి స్పాంజి.

“ఇవి తొడుక్కో చెల్లె. దెబ్బ స్పాంజికే తగుల్తది.”

“ఏందక్కా, చేతులకు సాక్సులా?” కిషన్ పకపకా నవ్వాడు. “వాళ్లు నవ్వరా?”

“నవ్వనియ్ తమ్మీ. ఆట ఆగొద్దు, అంతే.”

అనుపమ తొడుక్కుంది. బంతి వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని చేతులు చాపింది.

థప్!

కళ్లు తెరిచింది. “అరె! నొప్పే లేదు!”

ఇంక ఆగలేదు. ఎటు కొట్టినా అక్కడ అనుపమే. పడింది, లేచింది, దుమ్ములో దొర్లింది. బంతిని మాత్రం నేల తాకనివ్వలేదు. ఆఖరి బంతిని రెండు పచ్చ చేతులూ ఆకాశంలోకి లేపితే, కల్పలత ఎగిరి ఒక్కటిచ్చింది.

“గెలిచినం!” కిషన్ కేకకు కరెంటు తీగల మీది పావురాలన్నీ లేచిపోయాయి.

అనుపమ తొడుగులు విప్పుకుంటూ బెంచీ దగ్గరికి ఉరికింది. సీసాలు వరసగా ఉన్నాయి. మనిషి లేదు. గేటు బయట ఆటో మలుపు తిరుగుతోంది.

“అక్కా! మీ తొడుగులు!”

ఆటో ఆగలేదు.

మారేడ్‌పల్లి కెప్టెన్ చెయ్యి కలపడానికి వచ్చింది. కిషన్ ఛాతీ విరిచాడు.

“మీ రోసమ్మ మాకు భయపడే రాలేదు గదా?”

ఆ పిల్ల అనుపమ చేతిలోని పచ్చ తొడుగులను వింతగా చూసింది.

“రాకపోవుడేందన్నా? కాలు బెణికి ఆడలేక, పొద్దట్నుంచి మీ బెంచి మీద మీ నీళ్ల సీసాలకు కావలి కూసున్నది మా రోసమ్మక్కనే గదా!”