ఉంగరాల జుట్టు

"నా జుట్టు నేనివ్వను!"

కోటప్పకొండ మీద కల్యాణకట్టలో భవ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అరిచిన అరుపుకి, పక్కన గుండు చేయించుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"కదలబాకయ్యా, చెవి పోయిద్ది!" అని ఆయన్ని కసిరాడు క్షురకుడు నరసయ్య.

భవ్యకి ఎనిమిదేళ్ళు. కీమోథెరపీ అయిపోయాక మళ్ళీ మొలిచిన జుట్టు అది. వేలెడు పొడవు కూడా లేదు. కానీ ఇదివరకు తిన్నగా, నున్నగా ఉండే జుట్టు కాస్తా ఇప్పుడు ఉంగరాలు తిరిగి వచ్చింది. దాంతో పిల్లని అద్దం ముందు నుంచి లేపడం ఎవరి తరమూ కావడం లేదు. ఇంటికి ఎవరొచ్చినా తల వంచి తడమమంటుంది, బాగుందనేదాకా వదలదు.

"అరవబాకమ్మా," అన్నాడు తండ్రి గోపీనాథ్. "నీకు తగ్గితే నీ జుట్టంతా ఇస్తానని నాయనమ్మ కొండ మీది కోటయ్య సామికి మొక్కుకుందిగా. అదిగో, టికెట్ కోసం లైన్లో నిలబడింది. ఇప్పుడు కాదంటే ఎట్టా?"

"నన్నడిగి మొక్కుకుందా?"

గోపీనాథ్ సాయం చెయ్యమన్నట్టు భార్య ప్రసన్న వైపు చూశాడు. ప్రసన్న సాయం చేసింది, కాకపోతే కూతురికి.

"అదడిగినదాంట్లో తప్పేముంది? జుట్టు ఊడిపోయిన కాణ్ణుంచి నెత్తి మీద టోపీ తియ్యలా పిల్ల. బడికి పొమ్మంటే మంచం కింద దూరింది. ఈ జుట్టొచ్చాకే గదయ్యా దాని మొహాన నవ్వొచ్చింది! మళ్ళీ కత్తి పెట్టిస్తారా? గాటు పడితే? అది చీము పడితే? డాక్టరమ్మ ఎన్ని జాగ్రత్తలు చెప్పింది!"

"పోనీ, మూడు కత్తెర్లిచ్చి పోదామా?"

"మీ అమ్మ ఒప్పుకుంటదా? జుట్టంతా అని మొక్కుకుందాయె."

"నువ్వే నచ్చజెప్పరాదూ?"

"నీ అమ్మ గదా, నువ్వే చెప్పు."

గోపీనాథ్ కంకర టిప్పర్‌ని ఎంత ఇరుకు సందులోనైనా వెనక్కి నడిపించగల మొనగాడు. తల్లి ముందు మాత్రం నోరు పెగలదు. ప్రసన్నకీ అంతే. ముప్పాళ్ళలో ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ చెబుదాం చెబుదామనుకుంటూనే కొండెక్కేసింది. అత్త బుజ్జమ్మ గొంతు సవరించుకుంటే ఆ ఇంట్లో ఫ్యాను కూడా చప్పుడు చెయ్యడానికి ఆలోచిస్తుంది.

అయినా సరే, ఈసారి అడ్డం తిరగాల్సిందేనని ప్రసన్న కొంగు బిగించింది. అత్త ఎంత అరిచినా ఇవాళ పిల్ల తల మీద కత్తి పడనివ్వదు. కావాలంటే తన జుట్టు ఇచ్చేస్తుంది.

భవ్య గుమ్మంలోంచి బయటికి చూస్తోంది. ఎండకి బండలు పెనంలా కాలుతున్నాయి. లైన్లో నాయనమ్మ ఒక కాలు ఎత్తి, అది దించి, రెండోది ఎత్తుతోంది.

"అమ్మా, నాయనమ్మ చెప్పులేసుకోలేదేంది?"

"మొక్కు తీరేదాకా వేసుకోనని ఒట్టేసుకుంది. నువ్వు ఆసుపత్రిలో చేరిన కాణ్ణుంచి అంతే."

భవ్య నెత్తి మీది చేతులు మెల్లగా కిందికి దిగాయి.

"నాన్నా, ఇచ్చేస్తాలే."

"ఏంది?"

"జుట్టు. మళ్ళీ వచ్చిద్దిగా. నాయనమ్మ కాళ్ళు కాలతన్నయ్యి."

అని తనే వెళ్ళి నరసయ్య ముందు పీట మీద కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుంది. "మెల్లిగా గియ్యి తాతా," అంది. ప్రసన్నకి ఏడుపు తన్నుకొచ్చింది. కూతుర్ని చూస్తే ముద్దొచ్చింది, అత్తని తలుచుకుంటే ఒళ్ళు మండింది. ఇంత చిన్న పిల్లకున్న జాలి ఆ పెద్దావిడకి లేకపోయిందే అనుకుంది.

నరసయ్య చెంబులో చెయ్యి ముంచి ఆ ఉంగరాల మీద పెట్టాడో లేదో, వెనక నుంచి గావుకేక వినిపించింది.

"తియ్యవయ్యా చెయ్యి! ఎవరు చెప్పారు నీకు?"

టికెట్ పట్టుకుని బుజ్జమ్మ! వస్తూనే మనవరాల్ని పీట మీద నుంచి లేపి, కొంగుతో తల తుడిచింది.

"అదేందత్తా?" ప్రసన్నకి ఏమీ అర్థం కాలేదు. "నువ్వే గదా జుట్టంతా ఇస్తానని మొక్కుకుంది?"

"మొక్కుకున్నా. ఇవ్వనన్నానా?"

బుజ్జమ్మ బొడ్లోంచి చిన్న గుడ్డమూట తీసి నరసయ్య చేతిలో పెట్టింది. అతను ముడి విప్పాడు. లోపల నల్లగా, పొడుగ్గా, ఒక్క ఉంగరమైనా లేని జుట్టు.

"ఆసుపత్రిలో దిళ్ళ మీద ఊడిందంతా ఏరి దాచా. పిల్ల చూస్తే బెంగపెట్టుకుంటదని మీకెవరికీ చెప్పలా," అంది బుజ్జమ్మ. "నేను మొక్కుకున్నది ఇదే. నెత్తి మీదున్నది కోటయ్య ముచ్చటపడి పెట్టింది, అది గూడా గీసిచ్చేస్తే ఆయనకి కోపం రాదటే?"