మూడు నిమిషాల పాలు

"మళ్లీ పెట్టావా అమ్మా?"

వ్యానులో ఫ్యాను ఆగిపోయింది. లైటు ఆరిపోయింది. కొడుకు ముందున్న కంప్యూటరు, అందులో తలాడిస్తున్న పెద్ద ఇంజనీరు, సగం రాసిన రిపోర్టు అన్నీ ఒక్కసారే నల్లబడ్డాయి. సీటు కింద ఇన్వర్టరు మాత్రం కీచుమంటూ మొత్తుకుంటోంది.

"పాలు వేడి చేసుకుందామని," అంది తల్లి, మైక్రోవేవ్ తలుపు మీద చెయ్యి తియ్యకుండానే.

కొడుకు మొహం అరచేతుల్లో పెట్టుకున్నాడు. వంతెనలు తనిఖీ చేసే పని అతనిది. ఊరూరా తిరగాలి గనక ఆ వ్యానే ఇల్లు, ఆ వ్యానే ఆఫీసు. రెండు రోజులుగా వంతెన కింద పాకిపాకి మోకాళ్లు వాచాయి, కళ్లు మండుతున్నాయి. సాయంత్రం ఐదులోగా రిపోర్టు అందకపోతే ఈ పని ఇంకొకరికి అప్పజెబుతామని పెద్ద ఇంజనీరు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. అప్పుడే రెండు దాటింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? అది ఇంట్లో వాడుకునే చవక మిషను. ఈ బండి దాన్ని మొయ్యలేదు. అది తిరగాలంటే మిగతావన్నీ ఆపెయ్యాలి. పెట్టేముందు ఒక్క మాట చెప్పు."

"ఇప్పుడు చెబుతున్నాగా. పెట్టనా?"

కోడలు కిటికీ వైపు తిరిగి నవ్వు మింగేసింది. కొడుకు లేచాడు. ఫ్యాను స్విచ్ ఆపాడు. ఫ్రిజ్ ఆపాడు. ఫోన్లన్నీ చార్జర్ల నుంచి పీకేశాడు. కంప్యూటరు బ్యాటరీ చచ్చి చాలా రోజులైంది, కరెంటు లేకపోతే అది ఒట్టి పలక. దాన్నీ మూసేసి ఇన్వర్టరు మళ్లీ వేశాడు. మైక్రోవేవ్ గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. ఇక చెయ్యడానికేమీ లేక తల్లి పక్కన మంచం మీద కూలబడ్డాడు.

"మూడు నిమిషాలు," అన్నాడు.

"మోకాలేదీ, ఇలా పెట్టు."

"ఏం కాలేదులే."

"ఏం కాకపోతే కుంటుతున్నావెందుకు? అక్కకి ఫోన్ చేశావా?"

"తీరికేదీ?"

"నువ్వు చెయ్యవు, అది అలుగుతుంది, మధ్యలో నేను చావాలి. చిన్నప్పుడూ అంతే. గోడెక్కి దిగలేక నువ్వు ఏడుస్తుంటే, దింపకుండా అది కింద కూచుని నీ వాటా బిస్కెట్లు కూడా..."

"ఆ కథ మళ్లీనా," అన్నాడు గానీ, నవ్వొచ్చేసింది. అంత అలసటలోనూ నవ్వాడు. అంతలో టింగుమంది. నవ్వు సగంలో వదిలేసి కంప్యూటరు దగ్గరికి ఒక్క గెంతు గెంతాడు. తల్లి గ్లాసు తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టుకుంది.

అరగంట తర్వాత మళ్లీ పిలిచింది. "చల్లారిపోయాయిరా. పెట్టనా?"

పళ్లు నూరుకుంటూ అన్నీ ఆపాడు. ఈసారి ఆవిడ అతని జుట్టు పెరిగిపోవడం గురించి మాట్లాడింది. అతను గోడ గడియారం వైపే చూస్తూ ఊఁ కొట్టాడు.

మూడోసారి అడగకుండానే పెట్టేసింది. అరగంట సేపు కూర్చి పెట్టుకున్న లెక్కలన్నీ గల్లంతయ్యాయి.

"నా ఉద్యోగం ఊడాక తీరిగ్గా తాగుదువుగాని నీ పాలు," అన్నాడు కొడుకు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న మరుక్షణమే అతనికీ తెలిసింది, కానీ వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేకపోయింది. తల్లి పాల గ్లాసు బయటికి తీసి చేతిలో పట్టుకుంది. కోడలు చెప్పులేసుకుని రోడ్డవతల లారీల షెడ్డు నుంచి ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకొచ్చింది.

అతను మైక్రోవేవ్‌ని వెనక్కి తిప్పి చూశాడు. "దీన్ని ఈ చిన్న ఇన్వర్టరు మీదా నడుపుతున్నారు?"

"పైన ఏడొందల వాట్లని రాసుందిగా," అన్నాడు కొడుకు.

"అది పాలకిచ్చేదండీ. కరెంటు లాక్కునేది పదకొండొందలు. అందరూ చేసే పొరపాటే. నా దగ్గర పెద్ద ఇన్వర్టరు, దానికి తగ్గ బ్యాటరీ ఉన్నాయి. వేరే లైను లాగేస్తా. ఇక దీని గోల దీనిది, మీ గోల మీది."

గంట తిరక్కుండానే లాగేశాడు కూడా. ఫ్యాను తిరుగుతుండగా, కంప్యూటరు వెలుగుతుండగా మైక్రోవేవ్ తిప్పి చూపించి వెళ్లాడు. కొడుకు ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, ఇక నీ ఇష్టం. ఎన్నిసార్లైనా పెట్టుకో. ఏదీ ఆపక్కర్లేదు, నేను లేవక్కర్లేదు, నన్ను అడగనే అక్కర్లేదు," అన్నాడు తెర మీంచి తల తిప్పకుండానే. ఇందాకటి మాటకి క్షమాపణ కూడా అందులోనే కలిపేశాననుకున్నాడు.

ఐదుకి ఐదు నిమిషాలుండగా రిపోర్టు వెళ్లింది. చూశామని పెద్ద ఇంజనీరు నుంచి కబురు కూడా వచ్చింది. కొడుకు కుర్చీలో వెనక్కి వాలి ఒళ్లు విరుచుకున్నాడు. ఇంతసేపూ ఎవరూ తనని కదిలించలేదని అప్పుడు తట్టింది. తిరిగి చూస్తే, తల్లి చేతిలో పాల గ్లాసు నిండుగా అలాగే ఉంది. పైన మీగడ మందంగా కట్టేసింది.

"అదేంటమ్మా, ఒక్కసారి కూడా పెట్టుకోలేదా?"

"ఇలా ఇవ్వండత్తయ్యా, నేను వేడి చేసిస్తాను," అంది కోడలు.

ఆవిడ గ్లాసు ఇవ్వలేదు. మీగడని వేలితో పక్కకి నెట్టి, ఆ చల్లటి పాలు గటగటా తాగేసింది.

"వేడి పాలు నాకెప్పుడు పడ్డాయిరా?" అంది మూతి తుడుచుకుంటూ. "అది తిరిగినంతసేపూ నీకు వేరే పనుండదని పెట్టేదాన్ని."