పన్నెండు అంగుళాలు

“రిషితా! ముందు నువ్వు పైకి రా!”

రామమోహనరావు కేక బేస్‌మెంట్ మెట్ల మీదుగా దొర్లుకుంటూ కిందికి పోయింది. ఆ ఇంటికి ఏ పార్శిల్ వచ్చినా, పేరు ఎవరిదైనా, కత్తెర పెట్టి విప్పేది ఆయనే. ఇల్లు ఆయనది మరి. ఈసారి పొడుగాటి అట్టపెట్టెలు రెండు వచ్చాయి. ఒకదాంట్లో నల్లటి లోహపుది, ఇంకోదాంట్లో బూడిదరంగు చెక్కది. రెండింటికీ భుజానికి ఆనించుకునే మడమ ఉంది. గొట్టం ఒక్కటే తక్కువ.

కింద గదిలో అద్దెకుండే రిషిత తలుపు దగ్గర తల వంచుకుని వచ్చింది. భయంతో కాదు, వినయంతోనూ కాదు. ఐదడుగుల ఎనిమిదంగుళాల పిల్ల, వంచకపోతే నుదురు తగులుతుంది.

“ఏంటిది? తుపాకీయా?”

“తుపాకీ కాదంకుల్, దాని స్టాక్. గొట్టాన్ని బిగించుకునే భాగం. పాతది సరిపోతలేదు. రెండు తెప్పించి, చూసి ఒకటి ఉంచుకుందామని.”

“అంటే తుపాకీ కూడా ఉందన్నమాట!”

“ఉందంకుల్. పాయింట్ టూటూ, చిన్న తూటాది. క్లబ్బులో కాగితం మీద చుక్కల్ని కొట్టేది. బీరువాలో తాళం వేసి ఉంది. మా కాలేజీల ఎన్‌సీసీ ఉండె, అప్పటి నుంచి అలవాటు.”

“ఆదివారం ఆదివారం మా ఆవిణ్ణి వాకింగ్‌కి తీసుకెళ్తుంటే మంచి పిల్లవనుకున్నాను!”

స్టవ్ దగ్గర ఆయన భార్య విశాలాక్షి పెసరట్టు తిరగేసింది.

రామమోహనరావుకి తుపాకీలంటే గిట్టదు. కానీ ఎదురుగా రెండు వస్తువులుంటే ఏది మంచిదో చెప్పకుండా ఉండటం ఆయన వల్ల కాదు. నల్లదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“పోనీ, తెప్పించుకున్నదానివి ఇది ఉంచుకోవాలి. ఎంత దర్జాగా ఉందో చూడు. ఆ చెక్కది మా తాత చేతికర్రలా ఉంది.”

“అది బరువంకుల్, చేతులు గుంజుతయ్. పైగా జనవరిలో ఆ లోహానికి చెంప ఆనిస్తే ప్రాణం పోతుంది. చెక్కదైతే ఈ చెంప దిమ్మ పైకి లేస్తుంది, కన్ను సరిగ్గా గురి దగ్గరికి వస్తుంది. వెనక పలకలు తీస్తే పొడుగు కూడా తగ్గుతుంది.”

చెబుతూనే మరలు విప్పి, మడమ దగ్గరి పలకలు రెండు తీసేసి మళ్లీ బిగించింది. మడమ నుంచి ట్రిగ్గర్ వచ్చే చోటు దాకా టేపు పెట్టి చూసుకుంది. పన్నెండు అంగుళాలు.

ఆయన ఆ టేపు లాక్కున్నాడు. “చెయ్యి చాపు. మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా, పెట్టెలో కాగితం మీద ఇదేగా లెక్క? ఇదిగో, పదమూడున్నర! నువ్వు పెట్టింది పన్నెండు. కొలవడమే రాదు, నువ్వు గురిచూసి కొడతావా?”

“పన్నెండే కరెక్ట్ అంకుల్.”

“ఎలా కరెక్టు?”

“కరెక్టే.”

ఆ ఒక్క ముక్కతో ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. “ఈ దేశంలో అడిగిన ప్రతివాడికీ తుపాకీ ఇచ్చేస్తారా?”

“ఇయ్యరు. కోర్సు చేయాలె, పరీక్ష రాయాలె, లైసెన్స్ రావాలె. పెళ్లయినోళ్లయితే ఇంట్లో వాళ్ల సంతకం కూడా అడుగుతరు.”

“అదీ! చట్టమంటే అదీ! బుద్ధున్న మొగుడెవడూ ఆ సంతకం పెట్టడు. నీకింకా పెళ్లి కాలేదు కాబట్టి చెల్లింది.”

పెనం చుయ్యిమంది.

“చివరిమాట చెబుతున్నా. ఈ రెండూ వెనక్కి పంపించు, ఆ తుపాకీ అమ్మెయ్. లేదంటే గది ఖాళీ చెయ్.”

హామిల్టన్‌లో ఆ సెప్టెంబరు నెలలో గది ఖాళీ చెయ్యడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. దిగిన ప్రతి విమానంలోంచీ స్టూడెంట్లే. ఒక్కో ఇంటి హాల్లో ఆరేసి పరుపులు. రిషిత క్లాస్‌మేట్ ఒకమ్మాయి రెండు వారాలుగా కారులోనే పడుకుంటోంది.

రిషిత నల్లదాన్ని అట్టపెట్టెలో పెట్టేసింది. “నల్లది పంపిస్తా. చెక్కది పంపించనంకుల్.”

“ఏమన్నావ్?”

“పంపించను. రైఫిల్ అమ్మడం కూడా నా చేతుల్లో లేదు.”

“నీ చేతుల్లో లేదా! ఈ ఇల్లు మాత్రం నా చేతుల్లోనే ఉంది. విను. ఆ తుపాకీ ఎవరిదైతే వాళ్లు ఈ సాయంత్రంలోగా నా గడప దాటాలి. నా మాటకి తిరుగు లేదు!”

“సరే అంకుల్. సర్దుకుంటా.” రిషిత మెట్ల వైపు తిరిగింది.

“నువ్వుండమ్మాయ్.”

విశాలాక్షి స్టవ్ ఆపింది. చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. బల్ల మీది చెక్క స్టాక్ తీసుకుని భుజానికెత్తింది. మడమ భుజం గుంటలో ఒదిగింది. చెంప దిమ్మ మీద వాలింది. చూపుడువేలు ట్రిగ్గర్ ఉండాల్సిన చోట, ముందూ వెనకా కాకుండా, సరిగ్గా ఆగింది.

“ఏమండీ, క్లోజెట్లో పైన నా పెద్ద సూట్‌కేసుంది. కాస్త దించి పెడతారా?”

రామమోహనరావు చేతిలో టేపు సర్రున చుట్టుకుపోయింది. “నీకు లైసెన్సా? నేను సంతకం పెట్టందే నీకెలా ఇచ్చారు?”

“పెట్టారుగా. ఇరవై ఎనిమిదేళ్లుగా మీరు వేలుపెట్టి చూపించిన చోటల్లా నేను చదవకుండా పెట్టాను. మొన్న ఏప్రిల్లో నేను చూపించిన చోట మీరూ అలాగే పెట్టారు.”