జానెడు ఖాళీ

క్లబ్బు జట్టులో ఇంక ఒక్క చోటే మిగిలింది. దానికి ఒక అమ్మాయి పనికొస్తుందో లేదో తేల్చమని మాస్టారిని పిలిపించారు. మాస్టారంటే ఏళ్ళ తరబడి ఆ క్లబ్బుకి బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళను ఏరిపెట్టిన మనిషి. అయితే ఈమధ్య ఆయన ఏరినవాళ్ళిద్దరూ తుస్సుమన్నారు. అందుకని మేనేజరు మొహమాటం లేకుండా ముందే చెప్పేశాడు, ఈసారి తేడా వస్తే ఇక ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోండి అని. విశ్రాంతి అనే మాట వింటేనే మాస్టారికి ఒళ్ళు మంట. ఆట లేని రోజు ఆయనకి రోజే కాదు.

మాస్టారు భార్య చెయ్యి పట్టుకుని హాల్లోకి వచ్చారు. మోకాళ్ళు సహకరించడం లేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పారు. ఈ వయసులో చెట్టపట్టాలేమిటి మాస్టారూ అని మేనేజరు వేళాకోళమాడాడు. నీకూ పెళ్ళయింది కదా, నీకెందుకోయ్ కుళ్ళు అన్నారు మాస్టారు. ఆవిడ మాత్రం నవ్వకుండా ఆయన్ని కోర్టు గీతకి ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, తన అల్లిక తీసుకుంది.

మేనేజరు ఆ అమ్మాయి ఆట వివరాలున్న కాగితం చేతికిచ్చాడు. మాస్టారు దాన్ని మడిచి విసురుకోవడం మొదలుపెట్టారు. పోనీ ఫోన్లో పాత మ్యాచులు చూపిస్తానంటే, ఫొటో చూసి పెళ్ళాడే రకం కాదు నేను, ఏదైనా ఆట దగ్గరే తేల్చుకుంటానన్నారు. ఈయనకి పొగరు మాత్రం తగ్గలేదని మేనేజరు లోపల్లోపల గొణుక్కున్నాడు.

ఆట మొదలైంది. ఆ అమ్మాయిని క్లబ్బులో అందరూ బుద్ధిమంతురాలు అంటారు. ఎందుకంటారో కాసేపట్లోనే తేలిపోయింది. బంతి చేతికొస్తే చాలు, పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది. పొరపాటున కూడా తను వేయదు.

మేనేజరు మాస్టారి చెవిలో తన గోడు వెళ్ళబోసుకున్నాడు. పరుగుంది, ఒడుపుంది, కానీ సొంతంగా షాట్ పుట్టించుకోవడం రాదు. అంటే, ఎవరి సాయమూ లేకుండా, మీదికొచ్చే మనిషిని ఏమార్చి, బంతి వేయడానికి జానెడు ఖాళీ సంపాదించుకోవడం. అది చేతకాని పిల్లని తీసుకుని ఏం చేసుకుంటాం, షోకేసులో పెట్టుకుంటామా అని అతని బాధ.

మాస్టారు తల కాస్త పక్కకి వాల్చి కళ్ళు మూసుకున్నారు. కునుకు తీస్తున్నారని మేనేజరు ఖాయం చేసుకుని ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఏమీ ఎరగనట్టు అల్లుకుంటూనే ఉంది.

కొంతసేపటికి మాస్టారు కళ్ళు తెరిచి, ఆ బూట్లు కీచుమంటున్న పిల్లేనా అని అడిగారు. ఆ పిల్లేనండీ, త్వరలో కొత్తవి కొనిపిస్తాం అన్నాడు మేనేజరు సిగ్గుపడుతూ.

"ఇవాళ్టికి అవే ఉండనీ. షాట్ పుట్టించడం రాదన్నావు కదూ? ఇందాకట్నుంచీ పుట్టిస్తూనే ఉంది. బంతిని గట్టిగా కొడుతూ వెళ్ళి ఉన్నట్టుండి మెత్తగా కొడుతుంది. అడ్డొచ్చిన పిల్ల అక్కడే బిగుసుకుపోతుంది. అప్పుడు జానెడు కాదు, మూరెడు ఖాళీ. తీరా దాన్ని వేరేవాళ్ళకి దానం చేస్తోంది."

మేనేజరు నమ్మలేదు. కునుకులో కలగన్నారేమోనని అతని అనుమానం. మరి తనే వేయొచ్చు కదా అన్నాడు.

"ఎలా వేస్తుంది? వేసే వేళకి మీ కెప్టెన్ 'ఇటివ్వవే' అని గొంతు చించుకుంటోంది."

ఆట ఆపి అమ్మాయిని పిలిచారు. ఆ పిల్ల తల వంచుకుని, "అక్క అడిగితే ఇవ్వకపోతే బాగోదు కదండీ" అంది. కెప్టెన్ ఆమెకి ఏ వరసన చూసినా అక్క కాదు, వయసులో కాస్త పెద్దది, అంతే. ఆ హాల్లో కాస్త పెద్దయితే చాలు, నీళ్ళ సీసా దగ్గర్నుంచి బంతి దాకా అన్నీ వాళ్ళకే ముందు. మేనేజరు కూడా అలా పెరిగినవాడే కనుక అదొక జబ్బని అతనికి ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

మాస్టారు ఒక షరతు పెట్టారు. ఇక కోర్టులో ఎవరూ నోరు విప్పకూడదు, మేనేజరుతో సహా. కెప్టెన్ మూతి ముడుచుకుంది గానీ ఎదురు చెప్పలేదు. మాస్టారు ఆమెకంటే చాలా పెద్ద కదా.

మళ్ళీ ఆట మొదలైంది. అమ్మాయికి బంతి వచ్చింది. అలవాటు కొద్దీ అటూ ఇటూ చూసింది. అడిగేవాళ్ళు లేరు. పాపం, ఏం చేయాలో పాలుపోక ముందుకే వెళ్ళింది. ఎదుటి పిల్ల మీదికొచ్చింది. బంతి ఒక్కసారి మెత్తగా నేలను తాకింది. ఎదుటి పిల్ల నిలబడిపోయింది. అమ్మాయి అడుగు వెనక్కి వేసి బంతి విసిరింది. అది కడ్డీకి తగలకుండా సుయ్యిమని వలలోంచి జారింది. మేనేజరు తేరుకునేలోపే మాస్టారు తొడ చరిచారు.

తర్వాతిదీ అంతే. ఆ తర్వాత ఆపడానికి ఇద్దరొచ్చారు, ఒకరినొకరు గుద్దుకుని కూలబడ్డారు. కెప్టెన్ షరతు మరిచిపోయి, అదరగొట్టావే అని కేక పెట్టింది. అమ్మాయి మొహం వెలిగిపోయింది.

మేనేజరు అక్కడికక్కడే ఆమెకి చోటు ఖాయం చేశాడు. విశ్రాంతి మాట వెనక్కి తీసుకున్నాడు. రోజూ ఇక్కడే ఏడుస్తున్నా నాకు అంతుపట్టనిది మీకెలా దొరికింది మాస్టారూ అని చేతులు పట్టుకున్నాడు. అనుభవమోయ్ అని ఆయన భార్య చెయ్యి అందుకుని లేచారు.

ఆవిడే కారు నడుపుతూ గేటు దాటించింది. మాస్టారు వెనక్కి వాలి, ఈ గండం గడిచిందని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆ పిల్ల తన పరువు నిలబెట్టిందని మురిసిపోయారు.

"నాకు బొత్తిగా చూపు పోయిందని ఈసారి కూడా ఎవరూ పసిగట్టలేదు గానీ, ఇంతకీ ఆ పిల్ల పొడుగా, పొట్టా?" అని భార్యని అడిగారు.