ఎద్దులు పూన్చిన ప్లిమత్

దుర్గాప్రసాదరాజు గారు మద్రాసు మేస్త్రీని రప్పించి, తన పెళ్లినాటి ప్లిమత్ కారును కొత్తదానిలా చేయించారు. పుట్టింటికి బయల్దేరిన భార్య రత్నమాణిక్యం మాత్రం అందులో ఎక్కనంది.

“ముందు ఎద్దుల్ని కట్టించండి.”

“మతిపోయిందా? మన పెళ్లప్పుడంటే యుద్ధం, పెట్రోలు దొరక్క ఎద్దులు లాగాయి. ఇప్పుడు ఇంజను గుర్రంలా ఉంది. గంటలో పెనుగొండలో ఉంటాం!”

“అందుకేనండి. పెళ్లయి అక్కణ్నుంచి భీమవరం రావడానికి ఆ రోజు పొద్దంతా పట్టింది. దారి పొడుగునా నాతో కబుర్లు చెప్పారు. ఇన్నేళ్లలో మళ్లీ అన్ని మాటలు ఎప్పుడు చెప్పారు?”

రాజుగారు స్టీరింగు మీంచి చేతులు తీశారు. తర్వాత ఇంజను ఆపేసి పాలేరును కేకేశారు.

బజారంతా నవ్వుతుండగా, ధగధగలాడే కారును ఎద్దులు లాక్కుపోయాయి. లోపల రాజుగారు గొంతు సవరించుకున్నారు.

“ఏం మాట్లాడమంటావు?”

“అప్పుడూ ముందు ఇదే అడిగారండి,” అందావిడ సిగ్గుపడుతూ.