ఒక్క తప్పూ లేని వ్యాసం

"ఒప్పేసుకున్నారు! పంపిన మర్నాడే!"

డ్యూటీ టేబుల్ దగ్గర కంప్యూటర్ ముందు నర్సమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది.

మంచాన పడ్డ రోగులకు వీపు పుండ్లు పడకుండా ఎలా చూడాలో, రెండేళ్ళు వార్డులో కష్టపడి రాసిన వ్యాసం అది. పెద్ద నర్సింగ్ జర్నల్లో అచ్చు కాబోతోంది. హక్కులన్నీ వాళ్ళకు రాసిస్తూ ఒక్క బటన్ నొక్కడమే తరువాయి.

ఆరో బెడ్ పేషెంటు అక్కగారు, వేడినీళ్ళ ఫ్లాస్కుతో అటే వెళ్తూ, సంగతి విని ఆగింది. వచ్చిన రోజు నుంచీ ఇంతే. ప్రతిదానికీ ఓ ప్రశ్న.

"తప్పులెన్ని చూపించారమ్మా?"

"ఒక్కటి కూడా లేదు!" నర్సమ్మ మురిసిపోయింది.

"అయితే ఎవరూ చదవలేదన్నమాట."

నర్సమ్మకు ఒళ్ళు మండింది. శుభం పలకరా మంకెన్నా అన్నట్టుంది ఈవిడ వరస!

"మీకేం తెలుసండీ? ఇదిగో, ప్రధాన సంపాదకురాలెవరో చూడండి. మేం చదువుకున్న పుస్తకం రాసిన ప్రొఫెసర్‌గారు!"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగింది. చాలాసేపు అలాగే చూసింది.

"ఆ ప్రొఫెసర్ని అడిగావా?"

"అమ్మో, అంత పెద్దావిణ్ణి నేనడగడమా!"

"అడిగితే కొరుకుతుందా ఏం? ఇక్కడున్న నంబరుకు కాదు, నేరుగా వాళ్ళ కాలేజీకే ఫోన్ చెయ్యి. అసలు సంగతేమిటంటే..."

"టైమైపోయిందండీ. పేషెంట్ల తాలూకు వాళ్ళంతా బయటికెళ్ళాలి."

ఆవిడ ఫ్లాస్కు ఆరో బెడ్ దగ్గర పెట్టి వెళ్ళిపోయింది.

ఆవిడ అన్న మాట మాత్రం చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. నర్సమ్మ బటన్ నొక్కలేదు.

మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి ఆరో బెడ్ ఖాళీ. పొద్దున్నే డిశ్చార్జి చేశారట. హమ్మయ్య, ప్రశ్నల బాధ వదిలిందనుకుని కాలేజీకి ఫోన్ కలిపి జర్నల్ సంగతి చెప్పింది.

"హక్కులు రాసిచ్చేశారా?" అవతల గుమాస్తా కంగారుగా అడిగాడు.

"ఇంకా లేదండీ."

"బతికిపోయారు! ఆ జర్నల్‌తో మా మేడమ్‌కు సంబంధమే లేదు. పేరు దొంగతనంగా వాడుకుంటున్నారు. హక్కులిచ్చేసి ఉంటే ఇంకే మంచి జర్నలూ మీ వ్యాసాన్ని ముట్టుకునేది కాదు."

రెండేళ్ళ కష్టం గంగపాలు కాకుండా నిలిచింది. సంతోషంతో నర్సమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ మోసం మీకెప్పుడు తెలిసిందండీ?"

"నిన్ననే. మేడమ్ వాళ్ళ చెల్లెలికి తోడుగా ఆస్పత్రిలో ఉంటే, అక్కడి సిస్టర్ ఒకావిడ ఆ పేరు మేడమ్‌కే గొప్పగా చూపించి, మీకేం తెలుసండీ అందట!"