టిప్పర్ డోరు

"ఇది గూడ వద్దు బిడ్డా," అంటూ లింగవ్వ ఇంకో టిప్పర్ క్యాబిన్‌లోంచి దిగింది.

పరమేశ్వర్‌కు ఒళ్లు మండిపోయింది. మొరం మట్టి తోలడానికి ఆరు టైర్ల పాత టిప్పర్ కొందామని పొద్దున్నే బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చాడు. తోడొస్తానన్న తల్లిని వెంటబెట్టుకొచ్చినందుకు ఇప్పుడు పళ్లు కొరుకుతున్నాడు.

"ఇంజన్ మంచిగున్నది, తొట్టి సక్కగ లేస్తున్నది. ఇంకేం గావాలె అవ్వా?"

"డోరు మంచిగ లేదు."

"డోరుదేమున్నదమ్మా, జర గ్రీజు పెడితే అయిపాయె!" బండ్లు చూపిస్తున్న దళారి రామ్‌దాస్ నవ్వాడు.

"డోరు సూసి ఎవరన్న బండి కొంటరా? పదిమందిల నా ఇజ్జత్ తీస్తున్నవ్!" అని అరిచాడు పరమేశ్వర్.

లింగవ్వ పక్క టిప్పర్ ఎక్కి డోరు మూసుకుంది. లోపలి పిడి లాగింది. రాలేదు. భుజంతో నెట్టింది. అయినా రాలేదు. చివరికి పరమేశ్వరే బయటి నుంచి తెరవాల్సి వచ్చింది.

ఆమె సీట్లోంచి కదల్లేదు.

"మీ బాపు లారీ కాలువల పడ్డనాడు, నీళ్లల్ల కొట్టుకపోయిండని నీకు చెప్పిన. కొట్టుకపోలే బిడ్డా. క్యాబిన్‌లనే ఉన్నడు. డోరు రాలే. ఊడిన పిడి ఆయన పిడికిట్లనే ఉండె."

రామ్‌దాస్ తల దించుకున్నాడు.

పరమేశ్వర్ తల్లిని చెయ్యి పట్టి దించాడు. తర్వాతి టిప్పర్ దగ్గర బానెట్ ఎత్తలేదు. నేరుగా క్యాబిన్ ఎక్కి, డోరు మూసుకుని, లోపలి నుంచి పిడి లాగాడు. తేలిగ్గా తెరుచుకుంది.

"ఇంకొక్కసారి సూడు బిడ్డా," అంది లింగవ్వ.

అతను విసుక్కోకుండా మళ్లీ మూసుకున్నాడు.